మూడు సెంటీమీటర్ల ముచ్చట

మనిషికి వయసు మళ్ళేకొద్దీ నడుము వంగుతుంది. కారుకు మాత్రం కొత్తలోనే నడుము వంచాలని కుర్రకారుకు సరదా. కుర్రకారు అనే మాటలోనే కారు ఉంది గదా అని మీలో ఎవరైనా అంటే నేను కాదనను.

మా మేనల్లుడికి బెంగుళూరులో ఉద్యోగం. రెండేళ్ళ క్రితం వాయిదాల మీద ఒక సెడాను కొన్నాడు. సెడాను అంటే వెనకాల డిక్కీ వేరుగా పొడుచుకు వచ్చి, చూపుకు దర్జాగా ఉండే కారు. ఆ దర్జా వాడికి చాలలేదు. "మామా! చక్రానికీ పైరేకుకూ మధ్య నాలుగు వేళ్ళ సందుంది. లంగా పైకెత్తి వాగు దాటుతున్నట్టుంది నా కారు. లోయరింగ్ స్ప్రింగులు వేయిస్తా. యే రకం వేయించమంటావు?" అన్నాడు. తెలుగు ఎం.ఏ. చదివి కాలేజీలో ప్రబంధాలు చెప్పుకునేవాణ్ణి స్ప్రింగుల సంగతి అడగడమేమిటని మీకు తోచవచ్చు. అసలు సంగతి స్ప్రింగులు కాదు. వాళ్ళ నాన్నను ఒప్పించే పని నా నెత్తిన పెడదామని వాడి ఎత్తు.

మా బావగారు నల్లమాడలో సేద్యం చేస్తారు. వాన కురిస్తే వేరుసెనగ, కురవకపోతే ఆకాశం వంక చూపు. ఆ భూమితో నలభై ఏళ్ళు పెనుగులాడిన ఫలితంగా ఆయన నడుముకు శస్త్రచికిత్స జరిగింది. పదిహేను రోజులకొకసారి ఆస్పత్రికి వెళ్ళాలి. కొడుకు బెంగుళూరు నుంచి వచ్చి, ఆయన్ను ఆ కారు వెనక సీటులోనే కూర్చోబెట్టి తీసుకుపోతాడు. కాబట్టి కారు నడుమూ బావగారి నడుమూ ఒకే లెక్కలో పడ్డాయి. నేను తలదూర్చక తప్పలేదు.

జట్కాబండి కింద ఒకదానిమీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలను మనవాళ్ళు కమాను అంటారు. కమాను అంటే పారశీకంలో విల్లు. వంగుతుంది, బరువు దిగితే మళ్ళీ లేస్తుంది. అంబాసిడరు కారు 2014లో తయారీ ఆగిపోయేవరకూ దాని వెనక చక్రాలకు ఉన్నవి ఈ కమాన్లే. నేటి కార్ల ముందు చక్రాలకు తీగచుట్ట స్ప్రింగులు వచ్చాయి. ఎంత బరువుకు అంత కుంగు అనే సూత్రాన్ని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1678లో అచ్చు వేయించాడు. మేనల్లుడి కారుకూ అదే సూత్రం.

ఆ స్ప్రింగు బిగువు మూడింటిమీద ఆధారపడుతుంది: తీగ మందం, చుట్ట వెడల్పు, చుట్ల సంఖ్య. అన్నిటికంటే తీగ మందం మహా గడుసుది. 12 మిల్లీమీటర్ల తీగకు బదులు 13 మిల్లీమీటర్లది వాడితే, తక్కినవన్నీ అలాగే ఉన్నా, బిగువు సుమారు 38 శాతం పెరిగిపోతుంది. చుట్లు తగ్గించినా బిగువు పెరుగుతుంది. ఈ రెండో సంగతి విన్న కొందరు మెకానిక్కులు కారు స్ప్రింగులో ఒక చుట్టను గ్యాసుమంటతో కోసిపారేసి, "దించేశాం సార్, ఐదువందలు ఇవ్వండి" అంటారు. కారు దిగే మాట నిజమే. కాని మంట తగిలిన చోట ఉక్కు పదును పోతుంది. చివర సరిగా కూర్చోక స్ప్రింగు పీటలోంచి జారనూవచ్చు. ఈ ఉపాయం చెప్పినవాడి దుకాణం ముందు మళ్ళీ నిలబడవద్దని మేనల్లుడికి గట్టిగా చెప్పాను.

కంపెనీలు తయారు చేసి అమ్మే లోయరింగ్ స్ప్రింగులు వేరు. జర్మనీలో 1951లో మొదలైన ఐబాక్ వంటి సంస్థలకు ఇదే వృత్తి. అవి పొట్టిగా ఉంటాయి, అదనంగా బిగువుగానూ ఉంటాయి. పొట్టిదై బిగువు పెరగకపోతే, గతుకు వచ్చినప్పుడల్లా కారు కిందికి దిగి, చివరనున్న రబ్బరు దిమ్మె మీద ధన్‌మని కూర్చుంటుంది. ఆ దెబ్బ తినేది వెనక సీటులోని వెన్నెముక. వీటిలో కొన్ని మొదటినుంచీ ఒకే బిగువుతో ఉంటాయి. మరికొన్ని మొదట మెత్తగా ఉండి, బరువు పెరిగేకొద్దీ బిగుస్తాయి. నలుగురిని ఎక్కించుకునే సంసారుల కారుకు ఈ రెండో రకమే మేలు.

ఇక దించితే లాభమేమిటి? ఏమాటకామాటే చెప్పుకోవాలి. మలుపులో కారు పక్కకు ఒరగడం తగ్గుతుంది, పెద్ద రోడ్డు మీద పట్టు బాగుంటుంది. అయితే ఇందులో చిన్న మాయ ఉంది. కారు బరువుకు కేంద్రం నేలనుంచి 55 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. మూడు సెంటీమీటర్లు దించితే, మలుపులో ఒక పక్క చక్రాలనుంచి రెండో పక్కకు పోయే బరువు తగ్గేది ఐదారు శాతమే. ఒరుగుడు తగ్గిందంటే ఆ పుణ్యం చాలావరకు బిగువుది, దించినందుకు కాదు. దించడంలో ముఖ్యమైన లాభం చూపుకు అందం. అందం లాభం కాదని నేననను. ప్రబంధాలు చెప్పేవాణ్ణి, ఆ మాట అంటే నా ఉద్యోగానికే ముప్పు.

నష్టం లెక్క కట్టడానికి మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని నల్లమాడలో వాళ్ళ వీధికే వెళ్ళాను. చేతిలో ఒక స్కేలు, ఒక దారం. కొడికొండ దగ్గర జాతీయ రహదారిని వదిలి గోరంట్ల మీదుగా వచ్చేవారికి రోడ్డు మరీ అధ్వాన్నమేమీ కాదు. చిక్కంతా ఇంటికి చేరే ఆఖరి అర మైలులో. అక్కడ వీధివాళ్ళే సిమెంటుతో పోసుకున్న స్పీడుబ్రేకర్లు మూడు ఉన్నాయి. దారం పట్టి కొలిస్తే పెద్దదాని ఎత్తు పన్నెండున్నర సెంటీమీటర్లు, వెడల్పు మూరన్నర.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వారి నిబంధన ప్రకారం స్పీడుబ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. 17 మీటర్ల వ్యాసార్ధపు వంపుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా. రెండున్నర సెంటీమీటర్ల తేడాయే గదా అనుకోకండి. మా కాలేజీ లెక్కల మాస్టారు కాగితం మీద వేసి చూపించారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.6 మీటర్ల దూరమున్న కారు నిబంధన ప్రకారం కట్టినదాన్ని దాటేటప్పుడు, చక్రాలు కూడా ఆ వంపుమీదే ఎక్కి ఉంటాయి. కారు పొట్ట వైపు పొడుచుకువచ్చేది ఐదు సెంటీమీటర్లే. మా వీధిదో? మూరన్నర వెడల్పు గనుక ముందు చక్రాలు దాటి కిందికి దిగిపోతాయి, వెనకవి ఇంకా ఎక్కి ఉండవు. పన్నెండున్నరా పొట్టకిందికే వస్తుంది.

ఇప్పుడు కారు సంగతి. ఇటువంటి సెడాన్లకు ఖాళీగా ఉన్నప్పుడు నేలనుంచి 165 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా, ఎడం ఉంటుంది. వెనక ముగ్గురు, డిక్కీలో సామాను, కలిసి 200 కిలోలు అనుకోండి. వెనక స్ప్రింగు ఒక్కొక్కటి రెండు కిలోలకు ఒక మిల్లీమీటరు కుంగేదైతే, వెనకభాగం ఐదు సెంటీమీటర్లు దిగుతుంది. ముందు కూర్చున్నవారి బరువూ కలుపుకుంటే నడుమభాగం సుమారు మూడు. మిగిలిన ఎడం పదమూడున్నర. పన్నెండున్నర గట్టు మీదుగా ఒక్క వేలి వెడల్పు సందుతో బయటపడుతోందన్నమాట. అందుకే ఇంతకాలం ఎవరికీ తెలియలేదు!

అదే కారుకు మూడు సెంటీమీటర్లు దించే స్ప్రింగులు, పాతవాటికంటే పాతిక శాతం బిగువువి వేశామనుకోండి. బిగువువల్ల బరువుకు దిగేది కాస్త తగ్గుతుంది. అయినా చివరికి మిగిలేది పదకొండు. అంటే ఒకటిన్నర సెంటీమీటర్ల కారు ఆ సిమెంటుకు అర్పణ. మెకానిక్కులు ఛాంబరు అని పిలిచే ఆయిలు గిన్నె అక్కడే ఉంటే ఇంజనుకు ఎసరు.

"ఆ గట్టును చెక్కించేద్దాం మామా, ఎంతవుతుంది?" అన్నాడు వాడు. మా అక్క గుమ్మంలోంచి విని, "అది యెందుకు పోసినారో తెలుసునా?" అంది. ఆ వీధిలో ఒక పిల్లవాణ్ణి మోటారుసైకిలు కొట్టింది. బతికాడు, కాని కాలు ఇప్పటికీ ఈడుస్తాడు. మర్నాడే వీధివాళ్ళు తలా ఒక తట్ట ఇసుక, ఎవరింట్లోనో మిగిలిన సిమెంటు బస్తా తెచ్చి పోశారు. నిబంధనల పుస్తకం వాళ్ళకు ఎవరు ఇచ్చారు గనుక? మేనల్లుడు మరి మాట్లాడలేదు. చెక్కించమని అడగడానికి నాకూ నోరు రాదు.

ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీవారు 1948లో పారిస్ ప్రదర్శనలో టూ సీవీ అనే చిన్న కారును చూపించారు. దాన్ని తలపెట్టిన బూలాంజే పెట్టిన షరతు ఒకటి ప్రసిద్ధం: దున్నిన చేలో కోడిగుడ్ల బుట్టతో పోతే ఒక్క గుడ్డు కూడా పగలకూడదు. రైతును కూర్చోబెట్టుకునే కారుకు ముందు దారిని చూసి, తరువాత స్ప్రింగును ఆలోచించారు. మన పెనుకొండ పక్కనే ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం మొదట తయారుచేసిన సెల్టోస్ కూడా ఎత్తుగా నిలబడే బండే. కరువుసీమలో తయారయ్యే కారు నేలకు దూరంగా ఉంటే, అదే కారును కొన్నవాడు నేలకు దగ్గర చేయాలనుకోవడం వింతే.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా యజమాని వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరపు సవరణతో ఇటువంటి ప్రతి మార్పుకూ ఐదువేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. ఐదువేలు కట్టేస్తానులే అనేవారు, ప్రమాదం జరిగిననాడు బీమావారు ఏమంటారో ఆలోచించుకోవాలి.

మేనల్లుడికి నేను ఇచ్చిన సలహా ఇది: ఇప్పుడున్న స్ప్రింగులు ఉండనీ. కారు మలుపులో ఊగిపోతోందన్న నీ ఫిర్యాదు ముందు షాక్ అబ్జార్బర్లను అనుమానించు. స్ప్రింగు బరువు మోస్తుంది, ఊగుడు ఆపేది షాకు. గతుకుల్లో వేల కిలోమీటర్లు తిరిగిన బండికి ఆయిలు కారి షాకులు నీరసించడం మామూలే. వెనక రెండూ తడిగా ఉన్నాయని కదిరి మెకానిక్కు వేలు పెట్టి చూపించాడు. అవి మార్చారు. బావగారు పుట్టపర్తి దాకా పోయివచ్చి, "పోయినసారికన్నా మేలేనప్పా" అన్నారు. స్ప్రింగుల ఊసు ఆయన చెవిన పడలేదు, పడవేయవలసిన అవసరమూ లేకపోయింది.

పట్నంలోనే తిరిగేవారు, వెనక సీటు ఖాళీగా ఉండేవారు, చట్టం సంగతి ముందు రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకున్నవారు ఎవరైనా స్ప్రింగులు మార్చదలిస్తే, ఒకటిన్నర రెండు సెంటీమీటర్లు దాటవద్దు. తమ మోడలుకు తయారైనవే నాలుగూ కలిపి కొనాలి, రెండు చక్రాలకు వేసి రెండు వదిలేయకూడదు. ఆ పొట్టి స్ప్రింగుకు తగిన షాకులూ వేయించాలి. పాత షాకు బిగువు స్ప్రింగును పట్టలేక కారు గుర్రంలా ఎగురుతుంది. బిగించిన తరువాత ఒక వారం తిరిగి, స్ప్రింగులు కుదురుకున్నాక అలైన్‌మెంటు చూపించాలి. కారు దిగితే చక్రాల తలలు లోపలికి వాలి, టైరు లోపలి అంచు పైకి కనబడకుండానే అరిగిపోతుంది. ముందు దీపాల చూపు కూడా సరిచేయించాలి. ముందువైపు వెనకకంటే ఎక్కువ దిగితే వెలుగు నేలమీద దగ్గరగా పడి, రాత్రిపూట దారి కనబడదు.