ఒక్క మరియ, రెండు లెడ్జర్లు

"అంతమంది నమ్మారు, అంత పెద్దవాళ్ళు నమ్మారు. అబద్ధమైతే ఇన్ని వందల ఏళ్ళు నిలుస్తుందా?" మార్నింగ్ వాక్‌లో ఈ ప్రశ్న నన్ను అడగని మిత్రుడు లేడు. దానికి జవాబు ఫ్రాన్స్‌లో, బర్గండీ ప్రాంతంలో, ఒక కొండ మీద దొరికింది నాకు. ఊరి పేరు వెజలే.

మా అమ్మాయి వాళ్ళు ప్యారిస్‌లో ఉంటారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక రోజు అల్లుడు, మా ఆవిడ, నేను ఆ ఊరు చూడటానికి వెళ్ళాం. కారు కిందే వదిలేసి నడిచాం. కొండ మీదికి ఎక్కే వీధే అక్కడ ప్రధానం. దారి రాళ్ళలో ఇత్తడి ఆల్చిప్ప గుర్తులు. స్పెయిన్‌లోని సాంటియాగోకు కాలినడకన వెళ్ళే యాత్రికులు బయలుదేరే ఊళ్ళలో ఇదొకటి. పైన మగ్దలేనే మరియ పేరిట పెద్ద చర్చి.

చర్చి లోపలి ద్వారం మీద 12వ శతాబ్దపు శిల్పం ఉంది. ప్రపంచంలోని జాతులన్నిటినీ చెక్కారు. చాటంత చెవులవాళ్ళు, గుర్రం ఎక్కడానికి నిచ్చెన వేసుకునే మరుగుజ్జులు, కుక్క తలల మనుషులు. కుక్క తలల జాతి ఇండియాలో ఉందని క్టీసియస్ అనే గ్రీకు రచయిత ఎప్పుడో క్రీస్తు పూర్వమే రాసిపెట్టాడు. యూరప్ వందల ఏళ్ళు నమ్మింది. ఇండియా నుంచి వెళ్ళిన నేను దాని కింద నిలబడి ఒకసారి తల తడుముకున్నాను. మనిషి తలే ఉంది!

ఇక అసలు కథ. మరియ అస్థికలు తమ దగ్గరే ఉన్నాయని ఇక్కడి మఠం 11వ శతాబ్దంలో ప్రకటించింది. పాలస్తీనాలో ఉండాల్సిన మనిషి ఇక్కడికెలా వచ్చింది? ఆమె దక్షిణాన ప్రోవెన్స్‌లో చనిపోయిందనీ, అక్కడి నుంచి ఒక సన్యాసి తెచ్చాడనీ కథ అల్లారు. పోపులు ఆమోదించారు. జనం విరగబడ్డారు. 1265లో పెట్టె తెరిచారు. లోపల ఎముకలు, ఆడమనిషి జుట్టు, చార్లెస్ అనే రాజు పేరిట ఒక చీటీ. 1267లో తొమ్మిదో లూయీ రాజు స్వయంగా వచ్చి వేడుక జరిపించాడు. తన వాటాగా కొన్ని ముక్కలు పట్టుకెళ్ళాడు కూడా. తనిఖీకి వచ్చినవాడే వాటాదారు!

పన్నెండేళ్ళు గడిచాయి. 1279లో ప్రోవెన్స్‌లోని సెయింట్ మాక్సిమిన్‌లో ఇంకో మరియ బయటపడింది. ఆ పెట్టెలోనూ చీటీ ఉంది. శత్రువుల భయంతో 710లోనే శవాన్ని వేరే సమాధిలోకి మార్చామని అందులో రాసి ఉంది. అంటే వెజలే సన్యాసి తెచ్చింది తప్పు శవమన్నమాట. మా భాషలో దీన్ని సర్దుబాటు ఎంట్రీ అంటారు. 1295లో పోపు ఎనిమిదో బోనిఫేస్ రెండో మరియకు ముద్ర వేశాడు. వెజలేకు జనం తగ్గిపోయారు.

మీరే చెప్పండి. రాజు, పోపు, లక్షల భక్తులు: సాక్ష్యానికి ఏం తక్కువ? అయినా ఒక్క మనిషికి రెండు శవాలు ఉండవు కదా. కనీసం ఒక లెడ్జరు తప్పు. రెండూ తప్పు కావడానికీ అడ్డేమీ లేదు.

"ఇప్పుడు ఎవరికి నష్టం మామయ్యగారూ? జనం వస్తున్నారు, హోటళ్ళు బతుకుతున్నాయి," అన్నాడు అల్లుడు.

అతనికి నా సంగతి ఒకటి చెప్పాను. డిఫెన్స్ అకౌంట్స్‌లో చేరిన కొత్తలో ఒక డిపోలో స్టాక్ వెరిఫికేషన్‌కు వెళ్ళాను. సీలు వేసిన పెట్టెలు. విప్పి లెక్కపెడదామన్నాను. పక్కన పెద్ద హోదాలో ఉన్నాయన, "సీలు ఉందిగా, మీద చీటీ ఉందిగా" అన్నారు. నేను సంతకం పెట్టేశాను. ఏడాది తర్వాత విప్పితే చీటీకీ సరుకుకీ పొంతన లేదు. ఆయనకేమీ కాలేదు. నాకూ కాలేదు. ఇంక్రిమెంట్ పోయింది స్టోర్‌కీపర్‌కి. రిటైరయ్యాక కూడా అతని మొహం గుర్తొస్తుంది.

దొంగ సర్టిఫికెట్ ఖరీదు ఎప్పుడూ కిందివాడే కడతాడు. వెజలేలోనూ అంతే. చర్చి కట్టడానికి వేసిన పన్నులు భరించలేక 1106లో జనం మఠాధిపతినే చంపేశారు. 1146లో బెర్నార్డ్ ఈ కొండ పక్కనే నిలబడి రెండో క్రూసేడ్‌కు జనాన్ని ఉసిగొల్పాడు. అది ఘోరంగా విఫలమైంది. తిరిగి రానివాళ్ళ లెక్క ఏ చీటీలోనూ లేదు.

ఇంకొక మాట. 1834లో మెరిమే అనే ప్రభుత్వ ఇన్స్‌పెక్టర్ వచ్చి చూసేసరికి ఈ చర్చి కూలిపోయే స్థితిలో ఉంది. 1840లో వియొలె-ల-ద్యూక్ అనే 26 ఏళ్ళ ఆర్కిటెక్టుకు పని అప్పగిస్తే, ఏ కప్పు బరువు ఏ గోడ మోస్తోందో చూసి నిలబెట్టాడు. అస్థికలు చర్చిని కాపాడలేదు. లెక్క కాపాడింది.

నేల కింది గదిలో ఇప్పటికీ ఒక అస్థిక ఉంది. మా ఆవిడ అక్కడ కాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. నేనేమీ అనలేదు. ఆమె బాధను ఆడిట్ చేసే అధికారం నాకు లేదు. భక్తుణ్ణి వెక్కిరించడం హేతువాదం కాదు. మన పని సర్టిఫికెట్ ఇచ్చినవాణ్ణి నిలదీయడం.

అందుకే మార్నింగ్ వాక్ మిత్రులకు నా జవాబు ఇది: ఎంతమంది నమ్మారని కాదు, ఎంత పెద్దవాళ్ళు సంతకం పెట్టారని కాదు. పెట్టె విప్పి లెక్కపెట్టింది ఎవరు? వాళ్ళకు అందులో వాటా ఉందా, లేదా? ఈ రెండు ప్రశ్నలూ ఆ రోజు డిపోలో నేను అడిగి ఉండాల్సింది. అడగలేదు. మీరైనా అడగండి.