నంబరు ప్లేటు చూసి బండి కొంటామా?

"3 రోజుల్లో పబ్లికేషన్. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7 పైనే. సర్టిఫికెట్ ఫ్రీ."

ఎంఈడీ, పీహెచ్‌డీ చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి ఫార్వర్డులు తిరుగుతూనే ఉంటాయి. ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మా అక్క మొన్న ఒకటి పంపి, "ఇది మంచిదేనంటావా తమ్ముడూ?" అని అడిగింది.

ముందు ఆ నంబర్ల సంగతి చూద్దాం. ఐఎస్‌ఎస్‌ఎన్ అంటే 8 అంకెల గుర్తింపు సంఖ్య, అంతే. బండికి నంబరు ప్లేటు లాంటిది. ప్లేటు ఉన్నంత మాత్రాన బ్రేకులు బాగున్నట్టు కాదుగా! అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇచ్చేది క్లారివేట్ అనే సంస్థ. ఆ పేరుతో ఏదో ఒక అంకె అమ్మే కంపెనీలు వేరే ఉన్నాయి.

పోనీ, ప్రభుత్వ లిస్టు చూద్దామా? 2018 మేలో యూజీసీ తన జాబితాలోంచి 4,305 జర్నల్స్ తీసేసింది. తర్వాత కేర్ లిస్టు తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేసి, ఎంచుకోవడానికి సూచనలు మాత్రం ఇచ్చింది. అంటే చూసుకునే పూచీ ఇప్పుడు కాలేజీలదీ, మనదీ.

ఇదేం చిన్న విషయం కాదు. హైదరాబాద్‌లో మొదలైన ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ గురించి తప్పుగా చెప్పారని, ఫీజులు ముందు చెప్పలేదని తేల్చి, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

మేం ఒక లైబ్రరీని ప్రాజెక్టులో వాడేముందు ఎవరు రాశారు, ఎవరు చూస్తున్నారు అని వెతుకుతాం. జర్నల్‌కీ అదే పద్ధతి. ఎడిటోరియల్ బోర్డులో రెండు పేర్లు తీసుకుని, వాళ్ల యూనివర్సిటీ పేజీలో ఆ జర్నల్ ప్రస్తావన ఉందేమో చూడండి. ఒకే సంచికలో బోధనా పద్ధతులు, ఆయుర్వేదం, సివిల్ ఇంజినీరింగ్ పక్కపక్కనే ఉంటే అనుమానించండి. ఫీజు అడగడమే తప్పు కాదు. ఎంతో ముందే చెప్పకపోవడం తప్పు. ఇక 3 రోజుల్లో రివ్యూ అంటారా? మా టీమ్‌లో 200 లైన్ల కోడ్ రివ్యూకే రెండు రోజులు పడుతుంది!

అసలైన జర్నల్ అయినంత మాత్రాన ఉపయోగపడుతుందనీ లేదు. ఎంతమంది పిల్లలు, ఏ తరగతి, ఎన్ని వారాలు అని పేపర్లో రాశారా? మాచర్లలో అయిదో తరగతి చెప్పే టీచరు అది చదివి సోమవారం క్లాసులో ఒక్కటైనా మార్చుకోగలరా? ఎన్‌సీఈఆర్‌టీ వేసే 'ద ప్రైమరీ టీచర్' లాంటివి పెద్ద అంకెలు లేకపోయినా టీచర్ల కోసమే వస్తాయి.

మా విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకి వెళ్లేవాళ్లకి ఓ సంగతి తెలిసే ఉంటుంది. ఇక్ష్వాకుల రాజధాని ఉన్న లోయ ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. 1954-60 తవ్వకాల్లో దొరికినవాటిలో కొన్ని కొండ మీది మ్యూజియంలో, తిరిగి కట్టిన కట్టడాలు కొన్ని అనుపులో ఉన్నాయి. మిగతా లోయ ఎలా ఉండేదో తెలియాలంటే అప్పుడు తవ్వినవాళ్లు రాసిన రిపోర్టులే దిక్కు. వెనక్కి వెళ్లి చూడలేం.

క్లాస్‌రూమ్ కూడా అంతే. ఈ ఏడాది పిల్లలు పై తరగతికి వెళ్లిపోతారు. వాళ్ల మీద చేసిన పరిశోధనలో మిగిలేది పేపరే. అది అబద్ధమైతే, దాన్ని నమ్మి పాఠం మార్చిన టీచరూ, ఆ పిల్లలూ నష్టపోతారు.

2022 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు పేపర్ వేసి తీరాలన్న షరతు యూజీసీ తీసేసింది. మీ యూనివర్సిటీ ఏమంటుందో కనుక్కోండి, కంగారు కొంత తగ్గుతుంది. ఫీజు కట్టేముందు మాత్రం ఆ జర్నల్లో రెండు పేపర్లు పూర్తిగా చదవండి. చదవబుద్ధి కాలేదా? మీ పేపరూ అక్కడ ఎవరూ చదవరు.