వడ్డించువాడు తండ్రియైనచో

వడ్డించువాడు మనవాడైనచో కడపటి బంతిని గూర్చున్నను కొదువ లేదని పెద్దలు చెప్పుదురు. ఈ సామెత సర్కారు కొలువులకును, పట్టణములలోని కంట్రాక్టులకును ఎంత చక్కగ నన్వయించునో చదువరులకు మేము చెప్పనక్కరలేదు. బంధుప్రీతి చొరరాని చోటు లోకమున నొక్కటియైన నుండకపోవునా యని ఆశపడువారు ఆటలవంక వ్రేలు చూపుదురు. అందును మోటారు కార్ల పందెములను చూపుదురు. సెకనును వేయి పాళ్లు చేసి లెక్కించు ఆ పందెములలో గడియారమే తీర్పరి. గడియారమునకు మేనల్లుండ్రు లేరు, బావమరదులు లేరు. వేగముగ వచ్చినవాడు ముందు, ఆలసించినవాడు వెనుక. ఇంతకంటె ధర్మమైన న్యాయస్థానము వేరొకటి కలదా యని వారు ప్రశ్నింతురు.

గడియారము నిష్పక్షపాతి యగుటలో మాకు సందేహము లేదు. కాని దాని యెదుటికి ఎవ్వరిని రానీయవలెనో నిర్ణయించువారు మనుష్యులు. ఫార్ములా వన్ అను ప్రపంచ పందెములలో 2025వ సంవత్సరమున 10 జట్లును, 20 ఆసనములును మాత్రమే యుండెను. భూమండలమున కంతటికిని ఇరువది! అందొక్కటి ఎవనికి దక్కవలెననునది జట్టు యజమాని చేతిలోని పని. ఆ యజమాని చోదకునికి కన్నతండ్రియే యైనచో నేమగును? ఇది తర్కము కొరకు కల్పించిన ప్రశ్న గాదు. జరిగిన కథ కలదు.

మన దేశపు పేరు దాల్చిన ఫోర్స్ ఇండియా జట్టు 2008లో పందెములలో ప్రవేశించెను. విజయ్ మాల్యా దాని యజమానులలో ముఖ్యుడు. 2018 జూలైలో ఆ జట్టు అప్పులలో మునిగి, ఇంగ్లండు న్యాయస్థానము నియమించిన నిర్వాహకుల చేతిలోనికి పోయెను. ఆ వ్యాజ్యమును తెచ్చిన ఋణదాతలలో ఆ జట్టు చోదకుడే, మెక్సికో దేశస్థుడు సెర్జియో పెరెజ్ ఒకడు. జట్టు మూతపడినచో నాలుగువందల మంది పనివారు వీధిని బడుదురనియు, వారిని కాపాడుటకే తానట్లు చేసితిననియు అతడు చెప్పెను. ఆగస్టులో కెనడా దేశపు కోటీశ్వరుడు లారెన్స్ స్ట్రోల్ నాయకత్వమున ధనికుల కూటమి యొకటి జట్టును గొనెను. లారెన్స్ కుమారుడు లాన్స్ స్ట్రోల్ అప్పటికి విలియమ్స్ జట్టున చోదకుడు.

ఆ సంవత్సరాంతమున పట్టిక ఇట్లుండెను: పెరెజ్‌కు 62 పాయింట్లు, అతని సహచోదకుడు ఎస్టెబాన్ ఒకాన్‌కు 49, లాన్స్‌కు 6. నాడు విలియమ్స్ బండి అన్నింటికంటె వెనుకబడినదను మాట నిజమే; కావున ఈ అంకెలను బట్టియే తీర్పు చెప్పుట న్యాయము గాదు. కాని 2019లో ఆ జట్టున పెరెజ్ ప్రక్క ఆసనము లాన్స్‌కు దక్కెను. ఒకాన్‌కు ఆ యేడు ఏ జట్టునను ఆసనము లేకపోయెను. ఎవరీ ఒకాన్? ఫ్రాన్సు దేశమున కార్లు బాగుచేసి బ్రతుకు ఒక మెకానిక్కు కుమారుడు. బిడ్డ పందెముల ఖర్చునకై తలిదండ్రులు ఇల్లమ్ముకొని, చక్రముల బండినే యిల్లుగా చేసికొని కాపురముండిరి. ఒక తండ్రి కొడుకు కొరకు ఇల్లమ్మెను. ఇంకొక తండ్రి వచ్చి జట్టునే కొనెను. రెండును పుత్రప్రేమయే. కాని ఆ ప్రేమలను తూచిన త్రాసు ధనము.

కథ యంతటితో ముగియలేదు. రేసింగ్ పాయింట్ అను క్రొత్త పేరుతో ఆ జట్టు 2020లో పరుగిడెను. ఆ యేడు ఇద్దరికిని ఒకే జట్టు, ఒకే విధమైన బండి. పెరెజ్ 125 పాయింట్లతో ప్రపంచమున నాల్గవవాడయ్యెను. లాన్స్ 75తో పదునొకండవవాడయ్యెను. సెప్టెంబరులోనే జట్టువారొక ప్రకటన చేసిరి: మరుసటి యేడు సెబాస్టియన్ వెటెల్ వచ్చును, పెరెజ్ వెడలిపోవును. నాలుగుమార్లు ప్రపంచ విజేతయైన వెటెల్‌ను తెచ్చుకొనుట తప్పని మేమనము. ఇద్దరిలో నొకరు పోవలసియుండగా, పోవలసినవాడు ముందున్నవాడా, వెనుకనున్నవాడా? డిసెంబరులో సాఖిర్ పందెమున మొదటి చుట్టులోనే దెబ్బతిని చిట్టచివరకు జారిన పెరెజ్, అందరిని దాటి విజయము సాధించెను. ఆ పేరుతో ఆ జట్టునకు దక్కిన విజయమదొక్కటే. గెలిపించినవానికి వీడ్కోలు, ఇంటివానికి ఆసనము.

2021 నుండి ఆ జట్టు ఆస్టన్ మార్టిన్ అయ్యెను. 2023లో సహచోదకుడు ఫెర్నాండో అలొన్సోకు 206 పాయింట్లు రాగా లాన్స్‌కు 74 వచ్చెను. 2024లో 70కి 24. అయినను ఆసనము కదలలేదు.

ఆ యువకునిపై మాకు ద్వేషము లేదు. పదునెనిమిదేండ్ల ప్రాయమున 2017లో బాకూ పందెమున మూడవవాడయ్యెను. 2020లో టర్కీ దేశమున వానలో అందరికంటె మొదటి వరుసను సంపాదించెను. 2023లో సైకిలుపై నుండి పడి మణికట్టులు విరిగినను, కొలది దినములకే బహ్రెయిన్‌లో బండి నడపి ఆరవవాడయ్యెను. పిరికివాడు చేయు పనులు గావివి. కాని అతడింకొకరి బిడ్డయై యుండినచో ప్రతి సంవత్సరాంతమునను ఒక ప్రశ్న పుట్టియుండును: ఇతనిని ఉంచవలెనా, మార్చవలెనా? ఈ జట్టున ఆ ప్రశ్న నడుగువాడెవడు? అడుగవలసినవాడు తండ్రి. ఉత్తరము చెప్పవలసినవాడును తండ్రియే.

న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఈ సంగతి క్రొత్త కాదు. తన వ్యాజ్యమున తానే తీర్పరి కారాదనునది ధర్మశాస్త్రపు మొదటి పాఠము. న్యాయాధిపతి తండ్రియో, కుమారుడో, సోదరుడో యైనచో న్యాయవాది ఆ న్యాయాధిపతి యెదుట వాదింపరాదని మా వృత్తినియమములే శాసించుచున్నవి. న్యాయాధిపతులందరును అవినీతిపరులని తలచి ఈ నియమము చేయలేదు. మంచి న్యాయాధిపతి కుమారుడు న్యాయముగ గెలిచినను లోకము నమ్మదని యెరిగి చేసిరి. లాన్స్ స్ట్రోల్‌కు జరిగిన నష్టమును ఇదియే. అతడు రేపు గెలిచినను, ఆ గెలుపును తండ్రి లెక్కలో వ్రాయువారుందురు. ఆసనము నిచ్చిన తండ్రి, దానిని సంపాదించుకొంటినని చెప్పుకొను హక్కును కుమారునికి లేకుండ జేసెను.

ఇచ్చట ప్రతిపక్షులు లేచి, చోదకుల బిడ్డలు విజేతలు కాలేదా యని యడుగుదురు. అయిరి. నాలుగుమార్లు, 2021 నుండి 2024 వరకు, ప్రపంచ విజేతయైన మాక్స్ వెర్‌స్టాపెన్ తండ్రి యోస్ పూర్వచోదకుడు. తల్లి సోఫీ కుంపెన్ కూడ కార్టు పందెములలో పేరొందినది. 2016 విజేత నికో రోస్‌బర్గ్ తండ్రి కేకె 1982 విజేత. 1996 విజేత డేమన్ హిల్ తండ్రి గ్రాహమ్ రెండుమార్లు విజేత. ఈ పేళ్లు మా వాదమును ఖండింపవు, బలపరచును. మాక్స్‌కు తండ్రి యొసగినది విద్య. పదునెనిమిదేండ్లకే 2016లో స్పెయిను పందెమును గెలిచినప్పుడు అతడు కూర్చున్న జట్టు తండ్రిది గాదు. ఓడినచో తీసివేయుటకు యజమానికి ఏ మొగమోటమును లేదు. డేమన్ తండ్రి 1975లో విమానప్రమాదమున మరణింపగా ఆ కుటుంబపు ఆస్తి హరించిపోయెను. కుమారుడు లండనులో మోటారు సైకిలుపై పార్సెళ్లు మోసి బ్రతికెను. తండ్రి పేరు అతనికి తలుపు తట్టుటకు పనికివచ్చియుండవచ్చును, తలుపును కొనిపెట్టలేదు.

కంసాలి కొడుకు కంసాలి పనిని, వీణ వాయించువాని కూతురు వీణను ఇంటనే నేర్చుట లోకసహజము. దానిని బంధుప్రీతి యనువాడు అవివేకి. ఇంటి విద్య ఒకటి. ఇంటి పేరు ఇంకొకటి. ఇంటి ధనముతో పీటను గొని కొడుకును కూర్చుండబెట్టుట మూడవది. మొదటిదానిని మెచ్చవలెను, రెండవదానిని సహింపవలెను, మూడవదానిని నిషేధింపవలెను. మూడింటిని కలగాపులగము చేసి, మాక్స్ కీర్తిని చూపి ధనికుల బేరములను సమర్థించువారే ఈ క్రీడకు నిజమైన శత్రువులు.

తమ సొమ్ము తమ యిష్టమనువారును కలరు. సొంత తోటలో సొంత బండిని తిప్పుకొనువారికి ఆ మాట చెల్లును. ప్రపంచ విజేత యను పట్టమును లోకమంతటి పేర నిచ్చు పోటీకి చెల్లదు. ఇతర రంగములలో ధనపతుల కిట్టి స్వేచ్ఛ గలదా? మన 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము ప్రకారము, డైరెక్టరు బంధువునకు కంపెనీలో లాభకరమైన పదవి నిచ్చుటకు కూడ నిబంధనలు కలవు. ఒక నూలుమిల్లు గుమాస్తా పదవికి గల కట్టుబాటు, ప్రపంచములోని ఆ కొలది ఆసనములలో నొకదానికి లేదు!

అసలు అన్యాయము ఇంకను క్రిందిమెట్టున నున్నది. 2016 నుండి అంతర్జాతీయ మోటారు సమాఖ్య సూపర్ లైసెన్సునకు క్రొత్త నియమములు చేసెను. చోదకునికి 18 ఏండ్లు నిండవలెను. క్రింది తరగతుల పందెములలో 40 పాయింట్లు కూడవలెను. చూచుటకు న్యాయముగనే యున్నది. కాని ఆ క్రింది తరగతులలో ఒక్క యేడు పరుగిడుటకే కోట్ల రూపాయలు కావలెను. ఎనిమిదేండ్ల బాలుడు కార్టు అను చిన్నబండి యెక్కిననాటి నుండి ఈ వ్యయము ప్రారంభమగును. యోగ్యతకు పరీక్ష పెట్టి, ఆ పరీక్ష రుసుమును లక్షాధికారి తప్ప చెల్లింపలేనట్లు చేయుట యోగ్యతను గౌరవించుట యగునా?

2021లో హాస్ జట్టున చేరిన రష్యా యువకుడు నికితా మజెపిన్ కథ చూడుడు. తండ్రి ఆధిపత్యమున నున్న ఉరల్‌కలీ అను ఎరువుల కంపెనీయే ఆ జట్టునకు ముఖ్యపోషకము. ఆ యేడు అతనికి ఒక్క పాయింటును రాలేదు. బండి చెడ్డది గనుక సహచోదకునికిని రాలేదు. 2022 మార్చిలో, రష్యా ఉక్రెయిను మీదికి దండెత్తిన పిదప, కంపెనీ ఒడంబడికను, కుమారుని ఒడంబడికను జట్టువా రొకేసారి రద్దుచేసిరి. ధనమును ఆసనమును కలిసి వచ్చినవి, కలిసి పోయినవి. అతని స్థానమున వచ్చిన కెవిన్ మాగ్నుసెన్ కూడ పూర్వచోదకుని కుమారుడే. కాని తొలి పందెముననే అయిదవవాడయ్యెను. విద్యకును విక్రయమునకును గల భేద మిదియే.

పేదవారు పైకి రాలేదా యందురేమో. మైకేల్ షూమాకర్ తండ్రి ఇటుకలు పేర్చు తాపీపనివాడు. లూయీ హామిల్టన్ తండ్రి కుమారుని కొరకు ఒకేసారి పలు కొలువులు చేసెను. ఇద్దరును ఏడేసిమార్లు విజేతలైరి. కాని హామిల్టన్ పదమూడేండ్ల ప్రాయమున మెక్‌లారెన్ జట్టు చేయూత నీయకున్నచో నేమయ్యెడువాడు? భారతమున కుమారాస్త్రవిద్యా ప్రదర్శనమున కర్ణుడు నిలువగా, కృపాచార్యుడు అతని కులగోత్రముల నడిగెను. అతడు రథము తోలువాని యింట పెరిగినవాడు. దుర్యోధనుడు అంగరాజ్యమిచ్చి నోళ్లు మూయించెను. కర్ణుడు ఆ ఋణమును ప్రాణముతో తీర్చెను. హక్కుగా దక్కవలసినది దయగా దక్కినచో మనుష్యుడట్లే కట్టువడును. ఒక్క కర్ణునికి రాజు దయ దొరకెను. దొరకనివారి పేళ్లు ఏ పర్వమునను లేవు.

ఇక మన మాట. ఫార్ములా వన్ పందెములలో పరుగిడిన భారతీయు లిద్దరే: 2005లో కోయంబత్తూరు వాడగు నారాయణ్ కార్తికేయన్, 2010లో చెన్నపట్టణము వాడగు కరుణ్ చందోక్. కార్తికేయన్ తండ్రి ర్యాలీ పందెములలో విజేత. చందోక్ తండ్రి మన మోటారు క్రీడా సంఘముల సమాఖ్యకు అధ్యక్షుడుగ నుండెను. తాత మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బును స్థాపించినవారిలో నొకడు. ఇద్దరును ఇంట విద్య నేర్చిన యోగ్యులే. తప్పు వారిది గాదు. నూరుకోట్లకు మించిన జనములో, ఆ రెండిండ్లకు వెలుపల మూడవవాడు లేకపోవుటయే తప్పు. దేశపు పేరు మోసిన ఫోర్స్ ఇండియా పదేండ్లకు పైగా పరుగిడినను, ఒక్క భారతీయునకైన పందెమున ఆసనమీయలేదు. 2011లో దేశమెల్ల వెదకి ముగ్గురు బాలురను ఏరిరి. వారిలో నొక్కడును ఫార్ములా వన్ పందెమును చూచుటయే గాని నడపుట లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదున హుస్సేనుసాగరు తీరమున విద్యుత్తు కార్ల పందెము జరిగినప్పుడు మహీంద్రా జట్టును, టాటాల చేతిలోని జాగ్వార్ జట్టును పరుగిడెను. ధనము మనది, వీధి మనది, చప్పట్లు మనవి. చోదకులు 22 మందిలో మనవాడొక్కడును లేడు.

కావున మేము కోరునవి మూడు. యజమానికి దగ్గరి బంధువగు చోదకుని నియామకమును, కొనసాగింపును జట్టునకు సంబంధము లేని పరీక్షకుల సమితి నిర్ణయించి, కారణములను ప్రకటింపవలెను. జట్ల వ్యయమునకు 2021 నుండి అవధి విధింపగలిగిన సమాఖ్య, బాలుర పందెముల వ్యయమునకును కఠినమైన అవధి విధింపవలెను. మన దేశమున జిల్లా పట్టణములలో కార్టు మార్గములు వేసి, బండ్లను అద్దె కిచ్చి, ఏటేట బహిరంగ పరీక్ష జరుపవలెను. అందు అందరికిని ఒకే బండి, ఒకే మార్గము, ఇంటి పేరడుగువాడుండరాదు. విదేశీ పందెములకు వీధుల నలంకరించు ప్రభుత్వములకు ఇది మించిన భారము గాదు.

ఆటోనగరములలో ఇంజను చప్పుడు విని రోగమేదో చెప్పగల పిల్లలు కలరని చదువరు లెరుగుదురు. వారిలో ఒకడు ఎంత వేగముగ పోగలడో నేడు మన మెవ్వరమును చెప్పలేము. చెప్పగలది గడియారమొక్కటే. ఆ పిల్లవానిని దాని యెదుట నిలువనీయుడు.