తీగ లాగండి, డొంక కదిలితే కదలనీ

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళిన ప్రతి ఇంజనీరింగ్ విద్యార్థికీ ఊళ్ళో ఒక ఉద్యోగం రెడీగా ఉంటుంది. జీతం ఉండదు, అరిసెలుంటాయి. "ఒరే, మా వెనకింట్లోకి వైఫై రావట్లేదు, కాస్త చూడరా" అంటారు. నువ్వు సివిలా, మెకానికలా అని ఎవరూ అడగరు. మనం కూడా తెలియదని ఒప్పుకోం. ఫోన్ పట్టుకుని రెండు గదులు తిరిగి, గంభీరంగా ఒకటే మాట చెప్తాం: "రిపీటర్ కొనండి, సరిపోతుంది."

సరిపోదు. ఇంట్లో వైఫైని పక్కనున్న ఇంకో ఇంటిదాకా తీసుకెళ్ళాలంటే గాలిని నమ్ముకోకండి, తీగ లాగండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, దసరాకి ముందు ఆ రిపీటర్ సలహా ఇచ్చినవాణ్ణి నేనే. అదీ మా ఇంట్లోనే, మా నాన్న డబ్బుతో.

మా ఇల్లు కోనసీమలో. రోడ్డు వైపు మా డాబా, వెనక నానమ్మ ఉండే పాత పెంకుటిల్లు, మధ్యలో దొడ్డి. ఒక గోడనుంచి ఇంకో గోడకి ఓ నలభై మీటర్లుంటుంది. రూటర్ డాబా హాల్లో, టీవీ పక్కన. మా చెల్లి ఇంటర్ సెకండియర్. ఆ టీవీ గోల భరించలేక రాత్రుళ్ళు నానమ్మ దగ్గరికెళ్ళి చదువుకుంటుంది. ఎంసెట్ (పేరు ఈఏపీసెట్ అయినా మా ఇంట్లో ఇంకా అదే పేరు) ప్రాక్టీస్ టెస్టులన్నీ ఆన్‌లైన్లోనే. మూడు గంటలు, 160 ప్రశ్నలు. ఒక రాత్రి అన్నీ రాసి సబ్మిట్ కొడితే చక్రం తిరుగుతూనే ఉందట. ఫోన్ పట్టుకుని చీకట్లో దొడ్డిలోకి పరిగెత్తి, నూతి దగ్గర నిలబడి మళ్ళీ కొట్టింది. అప్పటికి టైమైపోయింది. నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను హాస్టల్లో మంచం మీద పడుకుని ఇచ్చిన పరిష్కారం: రిపీటర్.

పదహారు వందలు పెట్టి నాన్న కొన్నారు. నానమ్మ గదిలో ప్లగ్గుకి పెట్టారు. ఫోన్లో గీతలన్నీ నిండుగా వచ్చాయి. ఇంట్లో అందరూ సంతోషించారు. పేజీ మాత్రం తెరుచుకోలేదు.

ఇక్కడే మనలో చాలామంది పప్పులో కాలేస్తాం. ఆ నిండు గీతలు ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య సంగతి చెప్తాయి. రిపీటర్‌కీ అసలు రూటర్‌కీ మధ్య ఎలా ఉందో అవి చెప్పవు. సిగ్నల్ అందని గదిలో రిపీటర్ పెట్టడమంటే, సరిగ్గా వినపడని మనిషిని మధ్యవర్తిగా కూర్చోబెట్టడమే. ఆయన గొంతు ఎంత పెద్దదైనా ఏం లాభం? దాన్ని పెట్టాల్సింది సిగ్నల్ ఇంకా బాగున్న చోట, అంటే దారి మధ్యలో. మాకు ఆ సరైన చోటు నూతి గట్టు. అక్కడ ప్లగ్గు లేదు, వాన ఉంది.

పోనీ మంచి చోటే దొరికిందనుకోండి. ఒకే రేడియో ఉన్న రిపీటర్ ఒక ఛానల్ మీదే వినాలి, అదే ఛానల్ మీద తిరిగి చెప్పాలి. ఒకేసారి రెండూ చేయలేదు. కాబట్టి స్పీడు అక్కడికక్కడే సగం, ఇంకా తక్కువే కూడా. రెండు బ్యాండ్లున్నది కొంటే ఒకవైపు 5 గిగాహెర్ట్జ్ వాడుకోవచ్చంటారు. నిజమే, ఆ 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటొస్తే కదా!

మనం పరీక్షకి బట్టీ పట్టిన ఫ్రీస్ సమీకరణంలో ఈ లెక్క వేసి చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 40 మీటర్ల ఖాళీ గాలిలో నష్టం 72 డెసిబెల్స్. రూటర్ 20 డీబీఎంతో పంపితే అవతలికి మైనస్ 52 చేరాలి. మైనస్ 67 దాకా వీడియో కాల్ కూడా బాగానే నడుస్తుంది కాబట్టి, కాగితం మీద బోలెడు మిగులు. కానీ కాగితం మీద మా నానమ్మ ఇంటి గోడ లేదు. అడుగున్నర మందం గోడ, దాని వెనక ఇనప బీరువా, ఇవతల మా డాబా గోడ, దారిలో కొబ్బరిచెట్లు. ఆ గదిలో నా ఫోన్ చూపించింది మైనస్ 81. పది డెసిబెల్స్ తగ్గితే శక్తి పదో వంతు అవుతుంది. అలాంటివి దాదాపు మూడు. అంటే రావలసినదాంట్లో వెయ్యో వంతు వస్తోంది.

ఇంకో చిక్కుంది. రూటర్ గట్టిగా అరవగలదు, ఫోన్ అరవలేదు. చిన్న యాంటెన్నా, బ్యాటరీ ఆదా చేసుకోవాలి. అందుకే రూటర్ మాట ఫోన్‌కి వినపడి గీతలు కనిపిస్తాయి, ఫోన్ జవాబు మాత్రం రూటర్‌కి చేరదు. మా చెల్లి సబ్మిట్ బటన్ దగ్గర జరిగింది ఇదే. ప్రశ్నలు దిగాయి, జవాబులు ఎక్కలేదు.

మరి ఇంత తెలిసీ మనం తీగ మాట ఎందుకెత్తం? బద్ధకం కొంత. అసలు కారణం వేరే అని నా అనుమానం. గాలికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, తీగకి కావాలి. ఎవరి గోడకో కొక్కెం కొట్టాలి, ఎవరి చెట్టు పక్కనుంచో పోవాలి, అంటే వాళ్ళింటికెళ్ళి అడగాలి. మా విషయంలో ఆ మధ్యలో దొడ్డి మాది కాదు. పంపకాల్లో చిన్నాన్నకెళ్ళింది. ఆ పంపకాల తర్వాత రెండేళ్ళుగా నాన్నకీ ఆయనకీ శుభలేఖలు ఇచ్చిపుచ్చుకునేంత మాటలే. సంక్రాంతికి నేను తీగ అనగానే నాన్న, "వాడి దొడ్డి మీదుగా ఏం అక్కర్లేదు, ఇంకో మంచి రిపీటర్ కొను, డబ్బులిస్తా" అన్నారు. ఊళ్ళల్లో అమ్ముడుపోయే రిపీటర్లలో ఎన్ని ఇలాంటి గోడల కోసం కొన్నవో!

కనుమ నాడు నేనే వెళ్ళి అడిగా. చిన్నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పాప టెస్టులకేనా?" అన్నారు. అవునన్నా. కొబ్బరిచెట్టుకి కట్టి అటునుంచి లాగుదామని నా ప్లాను చెప్పా. "చెట్టుకి కడితే గాలికి ఊగి నెలలో తెగుద్దిరా. మా వంటింటి గోడకి కొక్కెం కొట్టుకో. కాయలు దింపేవాడికి మాత్రం అడ్డం రాకూడదు" అన్నారు. మూడేళ్ళ ఇంజనీరింగ్‌లో నాకు తట్టని పాయింటది.

ఇక పని సంగతి. రాగి తీగతో చేయాలనుకుంటే క్యాట్ 6 కేబుల్ వంద మీటర్ల దాకా పనిచేస్తుంది. ఎండకి తట్టుకునే నల్ల తొడుగు ఉన్నది కొనండి. చవగ్గా దొరికే వాటిలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత పూసినవి, వాటి జోలికి పోకండి. కానీ రెండు ఇళ్ళ మధ్య ఆరుబయట లాగేటప్పుడు నా ఓటు రాగికి కాదు, ఫైబర్‌కి. రెండిళ్ళకీ వేరే మీటర్లు, వేరే ఎర్తింగులు. మధ్యలో రాగి తీగ కడితే ఆ రెంటినీ మనమే కలిపినట్టు. పక్కన ఎక్కడో పిడుగు పడ్డా ఆ తీగలో వోల్టేజీ పుట్టి రెండువైపులా ఉన్న పెట్టెలు మాడిపోవచ్చు. గాజులో కరెంటు పారదు. ఒక్క జాగ్రత్త: ఇళ్ళకి వేసే ఫైబర్ తీగకి పక్కన ఆధారంగా ఉక్కు తీగ ఒకటుంటుంది. దాన్ని బయట కొక్కెం దగ్గరే చీల్చి ఆపేయాలి, ఇంట్లోకి తేకూడదు.

మా ఊరి కేబుల్ కుర్రాడు మిగిలిన తీగ ముక్క ఇచ్చి, రెండు చివర్లా కనెక్టర్లు వేసి పెట్టాడు. రెండు మీడియా కన్వర్టర్లు కొన్నా. అవి జతగా వస్తాయి, ఒకటి ఏ, ఒకటి బి. ఒకటి పంపే కాంతి రంగునే ఇంకోటి అందుకుంటుంది. తొందరలో రెండూ ఏ కొనేస్తే లైటు వెలగదు (ఎలా తెలుసని అడక్కండి). అవతల చివర అటక మీద పడున్న మా పాత రూటర్ పెట్టా. అందులో డీహెచ్‌సీపీ ఆపేసి, అడ్రసు 192.168.1.2 చేసి, తీగని వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో గుచ్చితే అది మామూలు యాక్సెస్ పాయింట్ అయిపోతుంది. పేరూ పాస్‌వర్డూ డాబాలోవే ఇచ్చి, ఛానల్ మాత్రం మార్చా. ఇక్కడ 1, అక్కడ 11. మొత్తం మూడు వేలు దాటలేదు. కరెంటు పోతే రెండువైపులా ఆగిపోతుంది కాబట్టి చిన్న బ్యాకప్‌లు ఇంకా కొనాలి.

తీగ అసలు కుదరని చోట్లుంటాయి, ఒప్పుకుంటా. మధ్యలో పంచాయితీ రోడ్డుంటే మన ఇష్టానికి వేలాడదీయలేం. అప్పుడు రెండు మేడల మీదా ఒకదానికొకటి ఎదురుగా చూసే 5 గిగాహెర్ట్జ్ బ్రిడ్జి జత పెట్టుకోవచ్చు. 2018 నుంచి మన దేశంలో ఆ బ్యాండులో చాలా భాగానికి లైసెన్సు అక్కర్లేదు, పవర్ పరిమితుల్లో ఉంటే చాలు. అదీ గాలే కదా అంటారేమో. గాలే, కానీ గోడ లేని గాలి. రెండూ ఒకదానికొకటి కనపడాలి, మధ్యలో వేపకొమ్మ కూడా అడ్డుండకూడదు. అక్కణ్ణించి గదిలోకి మళ్ళీ తీగే.

ఇప్పుడు నానమ్మ గదిలో ఫోన్ మైనస్ 40 చూపిస్తోంది. చెల్లి టెస్టులు మంచం మీదనుంచే సబ్మిట్ చేస్తోంది. మార్కుల సంగతి నా డిపార్ట్‌మెంట్ కాదు. చిన్నాన్నకి పాస్‌వర్డ్ ఇచ్చామా లేదా అన్నది మా ఇంటి విషయం.

మొన్న ఆయనే ఫోన్ చేశారు. తీగ మీద కాకులు బారుగా కూర్చుంటున్నాయట, ఏమన్నా అవుద్దా అని. కాకులకేం కాదు చిన్నాన్నా, కోతులొస్తే మాత్రం నాన్నకి ఒక కేకెయ్యండి అన్నా.