మన 4 శాతం ఐదంకెల దగ్గరే ఆగిపోతోంది

రిజర్వేషన్ అంటే మనకి సీటు, ఉద్యోగం, జీవో నెం. 3 గుర్తొస్తాయి. ప్రభుత్వం కొనే సరుకుల్లో కూడా మనకి వాటా ఉందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

చిన్న పరిశ్రమల కోసం కేంద్రం 2012లో ఒక కొనుగోలు విధానం తెచ్చింది. కేంద్ర శాఖలు, వైజాగ్ స్టీల్, ఎన్టీపీసీ లాంటి కేంద్ర సంస్థలు కొనేదాంట్లో ఇప్పుడు 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్లది. టెండర్ ఫారానికి డబ్బుల్లేవు, ఈఎండీ కట్టక్కర్లేదు. అందరికన్నా తక్కువ కోట్ చేసినోడి కంటే మన రేటు 15 శాతం వరకు ఎక్కువున్నా, అతని రేటుకి దిగొస్తే ఆర్డర్‌లో భాగం ఇవ్వొచ్చు.

చదవడానికి బాగానే ఉంది కదా. తిరకాసు ఉద్యం రిజిస్ట్రేషన్‌లో ఉంది. అక్కడ మనం ఏం పని చేస్తామో మాటల్లో చెబితే చాలదు, ఎన్ఐసీ కోడ్ ఎంచుకోవాలి. ఐదంకెల నెంబరు. నెట్ సెంటర్‌లో కూర్చున్నోడు "ఏం చేస్తావ్?" అంటాడు. మనోడు "చీపుర్లు అమ్ముతా" అంటాడు. అంతే, 47తో మొదలయ్యే చిల్లర వ్యాపారం కోడ్ పడిపోతుంది. చీపురు కట్టేది వాళ్ళింట్లోనే, ఆ సంగతి ఎవరూ అడగరు. 2021లో వ్యాపారుల్ని మళ్ళీ ఉద్యంలోకి తీసుకున్నారు గానీ, వాళ్ళకి బ్యాంకుల ప్రాధాన్య రుణాల వరకే. కొనుగోలు వాటా రాదు. తయారుచేసేవాడు ఒక్క అంకెతో వ్యాపారి అయిపోయాడు.

ఇంకోటి వినండి. అడవి నుంచి సేకరించే పనులన్నీ 02 విభాగంలో ఉంటాయి. 2017లో ఎంఎస్ఎంఈ శాఖ ఇచ్చిన సర్క్యులర్‌లో ఆ 02ని చిన్న పరిశ్రమల లెక్క నుంచే తీసేశారు. తేనె పట్టు దించేవాడు పరిశ్రమ కాదట! ఆ తేనెని వడగట్టి సీసాల్లో నింపే యూనిట్ పెడితే లెక్కలోకొస్తుంది. మరి ఆ యూనిట్ ఎవరిది? ఎక్కువ చోట్ల మైదానం నుంచొచ్చిన షావుకారిది. ఇది పొరపాటున జరిగిందని నేననుకోను, మన పనిని పనిగా చూడని అలవాటు ఇది.

అసలు దెబ్బ వేరే. ఎస్సీ, ఎస్టీ యూనిట్లు టెండర్‌లో పాల్గొనకపోతే ఆ 4 శాతాన్ని మిగతా చిన్న పరిశ్రమల నుంచి కొనుక్కోవచ్చని ఆ ఉత్తర్వులోనే రాసుంది. అంటే మనం కనబడకపోతే ఆఫీసుకి ఏ ఇబ్బందీ లేదు. "ఎస్టీలు ఎవరూ రాలేదు" అని ఫైలు మూసేస్తారు.

అందుకే ఐటీడీఏలని అడుగుదాం. యూనిట్లకి సబ్సిడీ ఇచ్చి ఫొటో దిగితే సరిపోదు. ఏజెన్సీలో ఎన్ని ఎస్టీ యూనిట్లు 46, 47 కోడ్‌లలో ఉన్నాయో లెక్క తీసి ఊళ్ళోకొచ్చి సరిచేయాలి. ఈలోగా మీ ఇంట్లో ఉద్యం సర్టిఫికెట్ ఉంటే తీసి, సామాజిక వర్గం దగ్గర ఎస్టీ అనుందో లేదో, కింద కోడ్ దేంతో మొదలైందో చూడండి. ఉద్యం పోర్టల్‌లో రిజిస్ట్రేషన్‌కి గానీ మార్పులకి గానీ ఫీజు లేదు. ఎవరైనా వెయ్యి, రెండు వేలు అడిగితే ఇవ్వకండి.