కిల్టయినా పంచె అయినా, కట్టుకుంటేనే బట్ట

మా ఇంటి పిల్లవాడు ఒకడు ఎడింబరోలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు. పైన మామూలు టీషర్టు, కాళ్ళకు బూట్లు, చేతిలో కూరగాయల సంచి, నడుముకు ఆకుపచ్చ, నీలం గళ్ళ కిల్టు. పెళ్ళీ కాదు, పండగా కాదు. శనివారం పూట అంగడికి పోయొస్తున్నాడు, అంతే.

"ఏందిరా ఈ పావడ?" అంది అవ్వ. పెదనాన్నకు కోపమే వచ్చింది. "అది వాళ్ళ వంశాల గుర్తు. మనది కానిది మనమెందుకు కట్టాలి? కట్టినా, టీషర్టు కిందనా?" అన్నారు.

రెండు రోజులు వాదన నడిచింది. సేలంలో తరాలుగా మగ్గం మీద బతికిన ఇల్లు మాది. బట్ట గురించి అభిప్రాయం లేని మనిషి మా ఇంట్లో లేడు. చివరికి మాలో ఎక్కువమందిమి పిల్లవాడి పక్షానే నిలబడ్డాం. ఎందుకో చెప్తాం.

కిల్టు మొదట పెళ్ళిబట్ట కాదు. స్కాట్లండు కొండసీమల్లో పసులు కాచుకునే మనుషుల బట్ట. పొడుగాటి ఊలు గుడ్డను కుచ్చిళ్ళు పోసి, నడుముకు పట్టా బిగించి, మిగిలింది భుజం మీద వేసుకునేవాళ్ళు. రాత్రయితే అదే దుప్పటి. మన గొర్రెలకాపరికి గొంగడి ఎట్లానో, వాళ్ళకది అట్లా. నడుము కింది భాగం మాత్రమే ఉండే చిన్న కిల్టు 18వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది.

1746లో కలోడెన్ యుద్ధంలో కొండసీమల తిరుగుబాటు ఓడిపోయింది. ఆ ఏడే లండన్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. స్కాట్లండులో మగవాళ్ళు, మగపిల్లలు ఆ దుస్తులు వేస్తే మొదటిసారి ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ళ దేశాంతర శిక్ష. సైన్యంలో ఉన్నవాళ్ళకు మాత్రం నిషేధం లేదు. అంటే రాజు కోసం తుపాకీ పట్టినవాడు కట్టొచ్చు, సొంత పొలానికి పోయేవాడు కట్టకూడదు. 1782లో చట్టం రద్దయింది. అప్పటికి 36 ఏళ్ళు గడిచాయి. చిన్ననాటి నుంచి అది కట్టకుండానే పెరిగిన తరం ఒకటి తయారయింది.

తర్వాత 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరోకు వచ్చాడు. ఆ వేడుకంతా నవలాకారుడు వాల్టర్ స్కాట్ నడిపించాడు. రాజే కిల్టు కట్టాడు. ఒకప్పుడు నేరమైన బట్ట దర్బారు బట్ట అయింది. ఫలానా వంశానికి ఫలానా గళ్ళు అనే పట్టికలు కూడా చాలావరకు ఆ శతాబ్దంలో స్థిరపడినవే. గౌరవం తిరిగొచ్చింది గానీ, రోజువారీ వాడుక రాలేదు. ఈరోజుకీ చాలామంది స్కాట్లండు మగవాళ్ళు కిల్టును పెళ్ళికి అద్దెకు తెచ్చుకొని, మర్నాడు తిరిగిచ్చేస్తారు.

అందుకే టీషర్టుతో, బూట్లతో మామూలు రోజున కిల్టు కట్టేవాణ్ణి చూసి మర్యాద చెడిందని అనుకోవడం మాకు సరి అనిపించడం లేదు. ఫుట్‌బాల్ ఆటకు జట్టు చొక్కా కింద కిల్టు కట్టి పోయే అభిమానులు, ఎనిమిది గజాల బరువు కిల్టు బదులు తక్కువ గజాల తేలిక కిల్టు కుట్టించుకునేవాళ్ళు, వీళ్ళు ఆ బట్టను దాని పాత చోటికే తెస్తున్నారు. చట్టం తీసేసింది ఆ మామూలు రోజునే కదా!

ఇక "మనది కానిది" అనే మాట. రాచకుటుంబానికి ప్రత్యేకమైన బాల్మోరల్ వంటి కొన్ని గళ్ళు విడిచిపెడితే, వంశం లేనివాళ్ళు కట్టుకోదగినవి చాలా ఉన్నాయి. మావాడు కట్టింది బ్లాక్ వాచ్ అనే గళ్ళు, ఎవరైనా కట్టేదే. వేషానికి కట్టినా, వెక్కిరింతకు కట్టినా తప్పు. వాడు కుచ్చిళ్ళు వెనక్కి, చదును భాగం ముందుకు, సరిగ్గా కట్టాడు. జేబు ఉండదు గనుక ముందు వేలాడే తోలుసంచి పేరూ తెలుసుకున్నాడు, స్పొరన్ అని. పడుగులో రంగులు ఏ వరుసలో ఉంటాయో పేకలోనూ అదే వరుస అని కూడా మాకు వివరించాడు. మగ్గం ఇంటి పిల్లవాడు మగ్గం లెక్క మరిచిపోలేదని మాకు సంతోషం.

కానీ మమ్మల్ని నిజంగా కుదిపింది అవ్వ అన్న రెండో మాట. "వాళ్ళ బట్టను వాళ్ళ దొరలు మాన్పించారు. మీ వేష్టిని ఎవరు మాన్పించారు? నేను రోజూ చీరె కడుతున్నాను గదా!"

జవాబు లేదు. 2014లో చెన్నైలో ఒక క్లబ్బు వేష్టి కట్టిన హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి రానివ్వలేదు. ఆ ఏడే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. వేష్టి కట్టినందుకు అడ్డుకుంటే ఏడాది వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. స్కాట్లండులో కట్టకూడదని చట్టం, మనకు కట్టనివ్వాలని చట్టం. అయినా మా ఇంటి మగవాళ్ళు వేష్టి తీసేది పెళ్ళికీ, పొంగలుకే. అదీ నడుముకు అంటించుకునే వెల్‌క్రో వేష్టి. సేలం వెణ్‌పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది, నిజమే. గుర్తింపు కాగితంతో మగ్గం ఆడదు. ఏడాదికి రెండుసార్లు కట్టే బట్ట ఇరవై ఏళ్ళకూ చిరగదు. చిరగని బట్టకు కొత్త బేరం రాదు. మా తాత మగ్గం ఎందుకు ఆగిందో మాకు తెలుసు.

పెదనాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా పోయిన శనివారం వేష్టి కట్టి, పైన ఇంట్లో తొడిగే పాత చొక్కాతోనే రేషన్ అంగడికి పోయొచ్చారు. ఎడింబరో ఫోటో కింద తన ఫోటో పెట్టించారు. మన బంధువులకు మేం చెప్పేదీ అంతే. వచ్చే పొంగలు దాకా ఆగకండి, ఈ శనివారమే కట్టండి.