ప్రార్థన బలం

పిల్లలూ! పరీక్ష ముందు దేవుడికి దణ్ణం పెట్టుకోనివారు మీలో ఎంతమంది ఉంటారు? కోరింది జరిగితే ప్రార్థన ఫలించిందంటాం. మరి జరగకపోతే ఆ ప్రార్థనంతా వృథాయేనా?

గాంధీ మహాత్ముడి సంగతి వినండి. ఆయన ప్రతి సాయంకాలం అందరితోనూ కలిసి ప్రార్థన చేసేవాడు. అందులో గీతా శ్లోకాలూ ఉండేవి, ఖురాను వాక్యాలూ ఉండేవి. 1948 జనవరి 20న ఢిల్లీలోని బిర్లా భవనంలో ప్రార్థన సభ జరుగుతున్నది. గాంధీజీ మాట్లాడుతూ ఉండగా దగ్గరలోనే బాంబు పేలింది. జనం కంగారుపడ్డారు. ఆయన మాత్రం చలించక, అందరినీ శాంతపరచి, తన ప్రసంగం పూర్తిచేశాడు. బాంబు పేల్చిన యువకుణ్ణి ఎవరూ ద్వేషించవద్దని మరునాడు చెప్పాడు.

పది రోజులు గడిచాయి. జనవరి 30 సాయంకాలం ఆయన ప్రార్థనకు నడిచి వస్తూ ఉండగా ఒకడు తుపాకితో కాల్చి చంపాడు.

ప్రార్థన ఆ గుండ్లను ఆపలేకపోయింది. నిజమే. కాని భయమూ, పగా ఆయన మనసులోకి జొరబడకుండా చివరిదాకా ఆపగలిగింది. ఆ బలం ఒక్కరోజులో వచ్చింది కాదు. ఏళ్ళ తరబడి రోజూ చేసిన అభ్యాసం వల్ల వచ్చింది.

మీకు కావలసినవి దేవుణ్ణి అడగండి, తప్పులేదు. ఈ రాత్రి మాత్రం, మీతో పోట్లాడిన వారిని ఒకసారి తలచుకుని, వారికి మేలు జరగాలని కోరండి. అదెంత కష్టమో, ఆ తరువాత మనసు ఎంత తేలికపడుతుందో మీకే తెలుస్తుంది.